పొలంగట్టు ఉడుము – చంపదగినదా, కాపాడదగినదా?



బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల రైతులకు ఉడుమును క్రొత్తగా పరిచయము చేయనక్కరలేదు. కాలువగట్లపైన, తాటితోపులలో, పుట్టలలో ఇది కనిపించుచుండును. కనిపించినంతనే కర్ర తీసుకొని వెంటాడుట చాలమందికి అలవాటు. కర్ర ఎత్తుటకు ముందు దాని సంగతి కొంచెము తెలిసికొనుడు.

రూపము, ఆహారము: తోకతో కలిపి సుమారు 175 సెంటీమీటర్ల వరకు పెరుగును. అందులో సగమునకు పైగా తోకయే. పామువలె చీలిన నాలుక చాచి వాసన పసికట్టును. పగటివేళ మేతకు తిరుగును. పేడపురుగులు, మిడతలు, నత్తలు, పీతలు, తేళ్లు, కప్పలు, ఎలుకలు, పక్షిగ్రుడ్లు దీని ఆహారము. గట్లకు బొరియలు చేయు పీతలను, వరిదుబ్బులు కొరుకు ఎలుకలను తినుట మనకు మేలు. అయితే ఇది ఎక్కువగా తినునది పురుగులనే. కావున ఉడుమున్నదని ఎలుకల నివారణ మానరాదు.

సంతానము: జూన్, సెప్టెంబరు నెలల మధ్య ఆడ ఉడుము గొయ్యి త్రవ్వి గాని, చెదపుట్టలో గాని సుమారు 20 గ్రుడ్లు పెట్టి మన్ను కప్పును. అవి పిల్లలగుటకు అయిదున్నర నుండి 8 నెలలు పట్టును. అనగా సార్వా నాట్లనాడు పెట్టిన గ్రుడ్లు మినుము కోతల వరకు మట్టిలోనే యుండవచ్చును.

అపోహలు: ఉడుము కరచిన మనిషి చనిపోవుననుట నిజము కాదు. గాయమును సబ్బునీటితో బాగుగా కడిగి వైద్యునికి చూపిన చాలును. దీని మాంసము, నూనె కీళ్లనొప్పులకు మందనుటకు శాస్త్రీయమైన ఆధారము లేదు. అదృష్టమిచ్చు వేరని "హత్థా జోడి" పేర అమ్మునది ఎండబెట్టిన మగ ఉడుము జననాంగమే.

చట్టము: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో ఉడుము కలదు. 2022 సవరణ ననుసరించి, దీనిని వేటాడిన వారికి 3 నుండి 7 ఏండ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా విధింపబడును.

రైతులు చేయవలసినవి:

1. ఎలుకల ఎరకు 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల 0.25 శాతపు బ్రోమడయోలోన్ పొడి కలిపి, 15 గ్రాముల పొట్లములుగా కట్టి కలుగు లోపలనే ఉంచవలెను. గట్టుమీద చల్లరాదు.

2. చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్చవలెను. వానిని తినిన ఉడుమునకు, గుడ్లగూబకు కూడ విషము సోకును.

3. కోళ్లగూటికి సన్నకన్నుల ఇనుపవల బిగించి, రాత్రింబవళ్లు గ్రుడ్లను భద్రపరచవలెను.

4. ఇంటిలో ఉడుము దూరినయెడల తలుపు తెరచి, కుక్కలను కట్టివేసి దూరముగ నిలువుడు. పోనియెడల అటవీశాఖవారికి తెలుపుడు.

ఎలుకమందు పొట్లము కలుగులో పడుట, గట్టుమీద పడుట ఒకే శ్రమ. మొదటిది ఎలుకను మాత్రమే చంపుటకు దారి. రెండవది ఎలుకను తినువానిని కూడ పోగొట్టుకొనుటకు దారి.