దిక్కులేని బిడ్డకు పెద్దదిక్కు

పఠనీయ భాగములు: నిర్గమ. 22:22–24, కీర్తన. 109:9, లూకా 7:11–17, అపొ. కార్య. 16:1–3, యాకోబు 1:27

యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయము చివర నిష్కళంకమైన భక్తి ఎట్టిదో చెప్పుచు ఇద్దరిని ప్రత్యేకముగా చూపెను: దిక్కులేని పిల్లలు, విధవరాండ్రు. ఈ యిద్దరిని రెండు వేరు వర్గములుగా ఎంచుట మనకు అలవాటైపోయినది. విధవరాండ్రకు క్రిస్మసు దినములలో చీరలు. అనాథలకు ఒక వసతిగృహము, దాని నిమిత్తము ఏటేట ఒక కానుక. అయితే పాత నిబంధన భాషలో పెరిగిన యాకోబు దృష్టికి వీరు తరచుగా ఒకే గడప లోపలనున్న తల్లియు బిడ్డయు.

ఇందుకు హెబ్రీ మాటయే సాక్ష్యము. 'యాతోమ్' అను పదమును మన తెలుగు బైబిలు కొన్నిచోట్ల 'తండ్రిలేనివారు' అనియు, మరికొన్నిచోట్ల 'దిక్కులేనివారు' అనియు అనువదించినది. నిర్గమకాండము 22:24లో దేవుడు అన్యాయస్థులను హెచ్చరించునప్పుడు, వారి భార్యలు విధవరాండ్రగుదురనియు వారి పిల్లలు యాతోములగుదురనియు ఒకే వాక్యములో పలికెను. 109వ కీర్తన 9వ వచనములోని శాపమును ఆలాగుననే జంటగా వచ్చును. ఇంటి యజమాని పోయిన దినముననే బిడ్డ యాతోమ్ అగుచున్నాడు. తల్లి బ్రదికియే యున్నది. ఎస్తేరు 2:7లో తల్లియు తండ్రియు ఇద్దరును లేని చిన్నదానిని గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు, గ్రంథకర్త ఆ యొక్క మాటతో సరిపెట్టక, ఇద్దరును లేరని విడమరచి చెప్పెను. ప్రతిచోటను యాతోమునకు తల్లి యున్నదని వాదించుట నా ఉద్దేశము కాదు. అయినను 'అనాథ' అను సంస్కృతపదము వినగానే మన మనస్సు ఆశ్రమము వైపునకు పరుగెత్తును. హెబ్రీ మాట వినినవాని మనస్సు పొరుగింటి వైపునకు తిరిగియుండును.

ఈ భేదము వ్యాకరణముతో ముగియునది కాదు. కరవు కాలములలో మన సంఘములు దిక్కులేని పిల్లలను చేర్చుకొనిన చరిత్ర గౌరవింపదగినది. 1896–97 కరవులో పండిత రమాబాయి గారు మధ్యపరగణాలనుండి బాలికలను, బాలవితంతువులను కేడ్గాఁవునకు తోడుకొని వచ్చి ముక్తి మిషనులో పెంచిన సంగతి తెలియని క్రైస్తవ కుటుంబము అరుదు. మన బోర్డింగు బడులు ఎందరినో నిలువబెట్టినవి. అయితే తల్లి యొద్దనే యుండి, ఆమె కూలికో కుట్టుపనికో ఆసుపత్రిలో రాత్రి విధికో వెళ్లినప్పుడు ఒంటరిగా తలుపు తీసికొని ఇంటిలో ప్రవేశించు పిల్లవాడు ఏ వసతిగృహపు పట్టికలోను లేడు. తండ్రి మరణించిన యింటివారు మాత్రమే కాదు, విడిచిపెట్టబడినవారు, విడాకులు పొందినవారు, తండ్రి చెరసాలలో నున్నవారు ఇందులోనివారే. కరీంనగరు, నిజామాబాదు ప్రాంతములనుండి తండ్రి గల్ఫు దేశములకు వెళ్లగా తల్లి పెంచుచున్న పిల్లలును, కోనసీమనుండి తల్లి కువైటుకు వెళ్లగా తండ్రియో అమ్మమ్మయో పెంచుచున్న పిల్లలును, పేరుకు ఇద్దరు గలవారైనను దినదినము ఒక్కరి చేతిలోనే పెరుగుచున్నారు. ఐక్యరాజ్యసమితి స్త్రీల విభాగము 2019లో ప్రకటించిన నివేదిక ప్రకారము భారతదేశపు కుటుంబములలో 4.5 శాతము, అనగా దాదాపు 1.3 కోట్లు, ఒంటరి తల్లులు నడుపుచున్నవి.

ప్రభుత్వము ఈ పిల్లలను బొత్తిగా మరచినదని చెప్పలేము. మిషన్ వాత్సల్య పథకము క్రింద, విధవరాండ్ర మరియు విడువబడిన స్త్రీల పిల్లలలో అర్హులైనవారికి నెలకు 4,000 రూపాయల సహాయము ఏర్పాటైనది. ఇది తెలియని తల్లులకు తెలియజేయుట సంఘపు పెద్దల మొదటి ఉపకారము కాగలదు. అయితే రూపాయలు గణితములో తప్పిన పిల్లవాని ప్రక్కన కూర్చుండజాలవు.

అట్లు ప్రక్కన కూర్చుండు పెద్దవానిని ఇప్పుడు 'మెంటర్' అనుచున్నారు. ఈ పేరు హోమరు వ్రాసిన ఒడిస్సీ కావ్యములోనిది. ఒడిస్సియస్ యుద్ధమునకు వెళ్లుచు తన యింటిని అప్పగించిన స్నేహితుని పేరు మెంటర్. తండ్రి ఇరువది సంవత్సరములు ఇల్లు చేరలేదు. తల్లి పెనెలొపి ఒంటరిగా కుమారుని పెంచెను. అనగా ఈ పేరే ఒంటరి తల్లి యింటిలో పుట్టినది. (కథలో ఆ మెంటర్ చేసినది మిక్కిలి స్వల్పము, అతని వేషము ధరించిన దేవతయే పని అంతయు నడిపెను. సంఘములో నియమింపబడు పెద్దలలో కొందరిని చూచినప్పుడు ఈ సంగతి జ్ఞప్తికి వచ్చును.) మనకు ఇంతకంటె మంచి మాట ఇంటిలోనే యున్నది: పెద్దదిక్కు. యాకోబు పత్రికలో దిక్కులేని పిల్లలని చదివినవాడు వెంటనే అడుగవలసిన ప్రశ్నయు ఆ మాటలోనే యున్నది.

ఈ పరిచర్యను క్రమముగా నడిపినవారిలో అమెరికా దేశపు అనుభవము దీర్ఘమైనది, వ్రాతలో నిలిచినది. న్యూయార్కు బాలల న్యాయస్థానములో గుమాస్తాగా నుండిన ఎర్నెస్ట్ కౌల్టర్, దినదినము తన యెదుటికి వచ్చు బాలురను చూచి, 1904లో ఒక ప్రెస్బిటేరియన్ సంఘపు పురుషుల సమాజములో మాటలాడెను. ఒక్కొక్కరు ఒక్కొక్క బాలునికి అన్నగా నుండవలెనని ఆయన కోరగా సుమారు 40 మంది ఒప్పుకొనిరి. ఆయన అడిగినది చందా కాదు, సమయము. బాలికల కొరకు స్త్రీలు నడిపిన ఇట్టి పనియు ఆ కాలముననే మొదలైనది. ఈ రెండును 1977లో కలిసి 'బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్' అను ఒకే సంస్థ యైనవి.

1995లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ఈ సంస్థ పనిని పరీక్షించెను. 10 మొదలు 16 సంవత్సరముల వయస్సు గల 959 మంది పిల్లలను తీసికొని, చీట్లు వేసినట్లుగా రెండు భాగములు చేసి, ఒక భాగమునకు వెంటనే పెద్దవారిని జతచేసిరి. రెండవ భాగము 18 నెలలు కనిపెట్టెను. వీరిలో అత్యధికులు తల్లితోనో తండ్రితోనో మాత్రమే నివసించువారు. గడువు ముగియునప్పటికి, జతగూడినవారిలో మత్తుమందులు క్రొత్తగా మొదలుపెట్టుట 46 శాతము తక్కువ, మద్యము మొదలుపెట్టుట 27 శాతము తక్కువ. బడి ఎగవేసిన దినములు దాదాపు సగము. ఆ పెద్దలు మత్తుమందులను గూర్చి ప్రసంగములు చేయలేదు. వారానికొకసారో, నెలకు రెండు మూడుసార్లో కలిసికొని, ఆటలాడి, నడిచి, మాటలాడిరి.

అంతకంటె గమనింపదగిన ఫలితము మరియొకటి. ఆ పిల్లలకు తమ తల్లిదండ్రులయందు నమ్మకము పెరిగెను; వారితో అబద్ధములాడుట తగ్గెను. బయటివాడు ఇంటిలో అడుగుపెట్టినయెడల తల్లి మాట చెల్లకుండ పోవునని భయపడువారు దీనిని ఆలోచింపవలెను.

అయితే ఇదే పరిశోధనలోని వివరములను మరల పరిశీలించి 2002లో గ్రాస్‌మన్, రోడ్స్ అను ఇద్దరు పండితులు ప్రకటించినది మనకు గట్టి హెచ్చరిక. ఒక సంవత్సరము గాని అంతకు మించి గాని నిలిచిన స్నేహములే ఎక్కువ మేలు చేసినవి. మూడు నెలలలోపల తెగిపోయిన స్నేహములు పొందిన పిల్లలు, తమ్మును తాము ఎంచుకొనుటలో మునుపటికంటె దిగజారిరి. ఒకసారి పెద్దవాడొకడు ఇంటినుండి వెళ్లిపోగా చూచిన బిడ్డ యెదుటనుండి మరియొక పెద్దవాడు వెళ్లిపోయెను. తనలోనే ఏదో లోపమున్నదని ఆ బిడ్డ తీర్పు చెప్పుకొనును. ఉజ్జీవ కూడికల ఆఖరు రాత్రి చేతులెత్తించి, పేర్లు వ్రాయించుకొని, మట్టల ఆదివారము నాటికి మరచిపోవు అలవాటు మన సంఘములలో నున్నది. వేరే పనులలో ఆ అలవాటు సోమరితనము మాత్రమే. ఈ పనిలో అది బిడ్డకు గాయము. సంవత్సరము నిలువలేనివానిని మొదటనే 'వద్దు' అని చెప్పి పంపుట దయగల పని.

ఆ జతలను దగ్గరగా గమనించినవారు మరియొక సంగతి కనుగొనిరి. పిల్లవానిని త్వరగా దిద్దవలెనను పట్టుదలతో వచ్చిన పెద్దల స్నేహములు ఎక్కువగా తెగిపోయినవి. మొదట వినుటకు, ఆ బిడ్డకు ఇష్టమైన దానిలో పాలుపొందుటకు వచ్చినవారివి నిలిచినవి. ప్రసంగించుటకు అలవాటుపడిన మనకు ఇది కొంచెము కష్టమైన పాఠము.

సంఘముల ద్వారానే ఈ పని జరిగిన దృష్టాంతము ఫిలడెల్ఫియా నగరములో కలదు. విల్సన్ గూడ్ ఆ నగరపు మొదటి నల్లజాతి మేయరు (1984–1992). ఆయన పరిపాలనలో, 1985లో, పోలీసులు ఒక ఇంటిమీద బాంబు వేయగా 11 మంది చనిపోయి 61 ఇండ్లు కాలిపోయినవి; ఆ మచ్చ ఆయన పేరును విడువలేదు. ఆయన చిన్నతనములో తండ్రి చెరసాలకు వెళ్లెను; తల్లి పిల్లలను తీసికొని ఫిలడెల్ఫియా చేరెను. కళాశాల చదువునకు పనికిరాడని బడివారు తలంచిన ఆ బాలుని, ఒక బాప్టిస్టు సంఘ కాపరియు ఆయన భార్యయు చేరదీసి కళాశాలకు పంపిరి. ఆ బాలుడే వృద్ధాప్యమునకు చేరువైన దినములలో బాప్టిస్టు సేవకుడుగా, చెరసాలలో నున్నవారి పిల్లల కొరకు 'అమాచి' అను పనిని నడిపించెను. 2001లో మొదటి జతలు ఏర్పడెను. అమాచి నైజీరియాలోని ఇగ్బో భాషాపదము. ఈ బిడ్డ ద్వారా దేవుడు మనకు ఏమి తెచ్చెనో ఎవరికి తెలియును అను భావము దానిలో నున్నది. గూడ్ గారు చెరసాలలకు వెళ్లి తలిదండ్రులనే వారి పిల్లల పేర్లడిగెను. సంఘములకు వెళ్లి ఒక్కొక్క సంఘమునుండి సుమారు పదిమందిని కోరెను. నలువదికి పైగా సంఘములు ముందుకు వచ్చినవి.

ఇప్పుడు లూకా 7వ అధ్యాయమునకు రండి. నాయీను ఊరి గవినియొద్ద ఒక విధవరాలు, ఆమె ఒక్కగానొక్క కుమారుని పాడె. యేసు ఆ చిన్నవానిని లేపెను. లేపినవానిని తన శిష్యునిగా వెంట తీసికొనిపోయెనని లూకా వ్రాయలేదు; 15వ వచనము చివర ఆ బిడ్డను తల్లి చేతికే ఇచ్చెనని వ్రాసెను. సారెపతులో ఏలీయా చేసినదియు అదే (1 రాజులు 17:23). ఆ తరువాత 16వ వచనములో జనులు దేవుడు తమ్మును దర్శించెనని మహిమపరచిరి. అక్కడ లూకా వాడిన గ్రీకు క్రియయే, దిక్కులేని పిల్లలను పరామర్శించుడని యాకోబు చెప్పునప్పుడు వాడిన క్రియ. మన అనువాదములో ఒకచోట దర్శనము, మరొకచోట పరామర్శ యగుటచేత ఈ బంధుత్వము కంటికి కనబడదు. పరామర్శయనగా చావు జరిగిన యింటికి ఒకసారి వెళ్లి కూర్చుండి వచ్చుట అని మనము తలంతుము. యాకోబు ఎంచుకొనిన మాట, దేవుడు తన ప్రజలయొద్దకు వచ్చుటకు వాడబడిన మాట.

కాబట్టి తల్లిని దాటి బిడ్డయొద్దకు పోవు త్రోవ లేదు. ఆమె అడిగినప్పుడే, ఆమె ఒప్పుకొనిన మనిషినే, ఆమెకు తెలిసిన చోటనే జతపరచవలెను. విడువబడిన స్త్రీనిగూర్చి సంఘములో గుసగుసలు తేలికగా పుట్టును. ఆమె యింటికి పురుషుడు ఒంటరిగా వెళ్లుట తగదు. బాలునికి పురుషుడు, బాలికకు స్త్రీ. కలిసికొను చోటు మందిరపు వసారా, గ్రంథాలయము, క్రికెట్టు మైదానము, పదిమంది కంటబడు స్థలము. మూసిన తలుపులు పనికిరావు. ఆ మనిషి పూర్వచరిత్రను అతని పూర్వపు సంఘమునందును ఉద్యోగస్థలమునందును విచారింపవలెను. పాటలు బాగుగ పాడునను యోగ్యత చాలదు. బిడ్డకు లైంగికహాని జరిగెనని తెలిసినయెడల సంఘపు పేరు చెడునని దాచుట పాపము మాత్రమే కాదు, 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము నేరము. పోలీసులకు తెలుపవలెను, 1098 అను సంఖ్యకు ఫోను చేసి సహాయము కోరవచ్చును.

పిల్లవాడు అతనిని అన్నా అని గాని బాబాయి అని గాని పిలుచును. నాన్నా అని పిలువుమని ఎవరును నేర్పరాదు. చనిపోయినవానికైనను, చెరలోనున్నవానికైనను, ఆ పేరు ఆ తండ్రిదే.

పౌలు తిమోతిని నా కుమారుడని పిలిచెను గదా అని మీరడుగవచ్చును. లుస్త్రలో తిమోతి యింటి సంగతి చూడుడి. అమ్మమ్మ లోయి, తల్లి యునీకే, వారి విశ్వాసము 2 తిమోతి 1:5లో పేర్లతో కూడ నిలిచియున్నది. తండ్రి పేరు లేదు. గ్రీసుదేశస్థుడని మాత్రమే తెలియును. అపొ. కార్యములు 16:3లోని గ్రీకు క్రియాకాలమును బట్టి అతడు అప్పటికే చనిపోయెనని కొందరు వ్యాఖ్యాతలు తలంతురు. ఆ కాలము ఒక్కటియే అంత భారము మోయలేదని నా అభిప్రాయము. ఏమైనను, పౌలు అతనిని కుమారుడనుట తల్లిని అమ్మమ్మను తుడిచివేసి కాదు, వారి విశ్వాసమును జ్ఞాపకము చేసికొనుచునే. ఆ స్నేహము ఎంతకాలము నిలిచెనో చూడుడి. కడపటి పత్రికలో ముసలివాడు ఆ పిన్నవానిని అంగీయు పుస్తకములును తెమ్మని, చలికాలమునకు ముందే రమ్మని బతిమాలుకొనుచున్నాడు.

ఒక చిన్న సంఘమునకు పదిమంది దొరకకపోవచ్చును, ఇద్దరితో మొదలుపెట్టవచ్చును. మన సంఘములలో స్త్రీల సమాజమును పిలిచినయెడల మరుసటి వారమే అక్కలు సిద్ధపడుదురు. కనిపెట్టుకొని యుండువారు ఎక్కువగా బాలురు. అమెరికా సంస్థయు ఎన్నో ఏండ్లుగా ఇదే ఇక్కట్టులో నున్నది: పేర్లు వ్రాయించుకొనిన బాలురు ఎక్కువ, ముందుకు వచ్చు పురుషులు తక్కువ. కాబట్టి ఈ పాఠమును ఆదివారపు బడిలో కంటె పురుషుల సమాజములో చదివి, కౌల్టర్ అడిగినట్లు చందా పుస్తకము మూసివేసి, నెలకు మూడు సాయంకాలములు ఎవరు ఇయ్యగలరో అడుగుడి.