నడిసముద్రంలో ఐదవ ఆజ్ఞ



నరహత్య చేయరాదన్న ఐదవ ఆజ్ఞ దగ్గరకు వచ్చేసరికి మనలో చాలామంది నిశ్చింతగా ఉంటాం. పాపసంకీర్తనానికి ముందు ఆత్మపరిశోధన చేసుకునేటప్పుడు అబద్ధాల దగ్గర ఆగుతాం, కోపం దగ్గర ఆగుతాం. ఈ ఆజ్ఞను మాత్రం ఒక్క క్షణంలో దాటేస్తాం. మనం ఎవరినీ చంపలేదు కదా! ఈ వారం అక్కడే కాసేపు ఆగుదాం. అందుకు ఇంగ్లండు నావికుల సంగతి ఒకటి చెబుతాను. ఇది కల్పన కాదు, కోర్టు తీర్పుల్లో ఉన్నది. మన దేశంలో లా చదివే పిల్లలకు కూడా ఈ కేసు పాఠంగా చెబుతారు. మీ ఇంట్లో అలాంటివారుంటే అడిగి చూడండి.

1884 మే 19న ‘మిన్యొనెట్’ అనే చిన్న తెరచాప ఓడ సౌతాంప్టన్ నుంచి ఆస్ట్రేలియాలోని సిడ్నీకి బయలుదేరింది. అందులో ఉన్నది నలుగురే. కెప్టెన్ టామ్ డడ్లీ, అతని సహాయకుడు స్టీఫెన్స్, నావికుడు బ్రూక్స్, పనికుర్రవాడు రిచర్డ్ పార్కర్. పార్కర్‌కు 17 ఏళ్లు, తల్లిదండ్రులు లేరు. జూలై 5న దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో పెద్ద కెరటం కొట్టి ఓడ మునిగిపోయింది. నలుగురూ 13 అడుగుల చెక్కపడవలోకి ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఒడ్డు చూస్తే వందల మైళ్ల దూరం. చేతిలో ఉన్నవి రెండు డబ్బాల టర్నిప్ దుంపలు. తాగడానికి చుక్క మంచినీళ్లు లేవు.

మూడు రోజులు ఆ దుంపలతోనే గడిపారు. నాలుగో రోజు ఒక చిన్న తాబేలు దొరికింది. పన్నెండో రోజుకు అదీ అయిపోయింది. ఎప్పుడైనా వాన పడితే తమ వానకోట్లు పరిచి పట్టుకున్న నీళ్లే దాహానికి దిక్కు. ఆ తరువాత ఎనిమిది రోజులు తినడానికి ఏమీ లేదు. చుట్టూ నీళ్లే, నోట్లో పోసుకోవడానికి చుక్క లేదు! కుర్రవాడు తట్టుకోలేక సముద్రపు నీళ్లు తాగాడు. జబ్బుపడి పడవ అడుగున ముడుచుకుని పడుకున్నాడు.

అప్పుడు డడ్లీ, స్టీఫెన్స్ మాట్లాడుకున్నారు. మనకు భార్యాబిడ్డలున్నారు, వీడికి ఎవరూ లేరు, ఎలాగూ ముందు పోయేది వీడే అన్నది వారి ఆలోచన. ముందు చీట్లు వేద్దామన్న మాట వచ్చింది కాని, వేయలేదు. బ్రూక్స్ ఒప్పుకోలేదు. ఇరవయ్యో రోజున డడ్లీ దేవునికి ప్రార్థన చేసి, క్షమాపణ వేడుకుని, నీ సమయం వచ్చిందని కుర్రవానితో చెప్పి, చాకుతో గొంతు కోశాడు. ముగ్గురూ ఆ శరీరాన్ని తిని బ్రతికారు. వద్దన్న బ్రూక్స్ కూడా తిన్నాడు. నాలుగో రోజున జర్మన్ ఓడ ఒకటి కనబడి వారిని ఎక్కించుకుంది.

ఇంగ్లండు చేరగానే జరిగినదంతా వారే దాచకుండా చెప్పారు. సముద్రంలో ఇది మామూలేనని, చట్టం తమనేమీ చేయదని వారి నమ్మకం. జనం సానుభూతి కూడా వారి వైపే ఉంది. పార్కర్ తోడబుట్టినవాడే కోర్టుకు వచ్చి వారితో చేయి కలిపాడు. మీరు ఆ జనంలో ఉంటే ఏమనేవారు? తొందరపడి జవాబు చెప్పకండి. ఇరవై రోజుల ఆకలి మనకు తెలియదు. ఉపవాసకాలంలో ఒక్క పూట మానేస్తేనే మన ముఖాలు ఎలా ఉంటాయో మనకు తెలుసు.

డిసెంబరు 9న ప్రధాన న్యాయమూర్తి లార్డ్ కోల్‌రిడ్జ్ తీర్పు చెప్పారు. అవసరం ఎంత గొప్పదైనా అది నిరపరాధిని చంపే హక్కు ఇవ్వదు, ఇది హత్యే అన్నారు. ఎవరి ప్రాణం విలువైనదో కొలిచేదెవరని ఆయన అడిగారు. ఆ పడవలో కొలిచింది బలమున్నవారు, కొలతలో తేలిపోయింది ఎదురుచెప్పలేని బలహీనుడు. మరణశిక్ష పడింది. తరువాత దాన్ని ఆరు నెలల జైలుగా తగ్గించారు.

మన శ్రీసభ బోధన కూడా ఇదే. మంచి ఫలితం కోసం చెడుపని చేయరాదని 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం చెబుతుంది. రెండవ జాన్ పాల్ జగద్గురువులు 1995లో రాసిన ‘జీవ సువార్త’ అనే విశ్వలేఖ, నిరపరాధిని కావాలని చంపడం ఎప్పుడైనా, ఎక్కడైనా ఘోరమైన తప్పేనని గట్టిగా చెప్పింది. భయం, బలవంతం, బాధ మనిషి బాధ్యతను తగ్గించవచ్చునని కూడా శ్రీసభ ఒప్పుకుంటుంది. డడ్లీ ఆత్మలో దోషమెంతో దేవునికే తెలుసు. కాని దోషం తగ్గినంత మాత్రాన చేసిన పని మంచిది కాదు. పాపసంకీర్తనంలో గురువు మనల్ని క్షమించేటప్పుడు, నీవు చేసింది పాపమే కాదు పొమ్మని అనడు కదా!

నా మనసులో ముల్లులా గుచ్చుకునేది డడ్లీ చెప్పిన లెక్క. ‘మాకు భార్యాబిడ్డలున్నారు, వీడికి ఎవరూ లేరు.’ సరిగ్గా ఇదే లెక్క మరోచోట కూడా వినబడింది. 1941లో ఆష్‌విట్జ్ నిర్బంధ శిబిరంలో పదిమంది ఖైదీలను ఆకలితో చంపడానికి ఎంపిక చేశారు. అందులో ఒకడు భార్యాబిడ్డలను తలచుకుని ఏడ్చాడు. ఫ్రాన్సిస్కన్ సభ గురువు మాక్సిమిలియన్ కోల్బె వరుసలోంచి ముందుకు వచ్చి, అతనికి కుటుంబముంది, నాకు లేదు, అతని బదులు నన్ను తీసుకోండి అన్నారు. రెండు వారాలకు పైగా ఆకలిదప్పులతో ఉన్నాక, ఆగస్టు 14న విషపు సూదివేసి ఆయనను చంపారు. 1982లో ఆయనను పునీతునిగా ప్రకటించిన రోజున, ఆ బ్రతికిన మనిషి రోములో ఉండి చూశాడు.

లెక్క ఒక్కటే. కాని పడవలో ఆ లెక్క కట్టింది చాకు పట్టుకున్నవాడు, శిబిరంలో కట్టింది ప్రాణం ఇవ్వబోయేవాడు. జాతి అంతా నశించేకంటె ఒక్కడు చావడం మేలని ప్రధానార్చకుడు కైఫా అన్నమాట (యోహాను 11:49-50) కూడా డడ్లీ లెక్కలాంటిదే. ప్రభువు మాత్రం తన ప్రాణాన్ని తానే ధారపోస్తున్నానని చెప్పారు (యోహాను 10:18).

పునీత పౌలు ప్రయాణం చేసిన ఓడను కూడా గుర్తు చేసుకోండి. అందులో 276 మంది ఉన్నారు. పద్నాలుగు రోజులు తుఫానులో కొట్టుకుపోయారు. నావికులు తమ మట్టుకు తాము బయటపడదామని చిన్నపడవను దించబోతే, పౌలు మాట విని సైనికులు దాని త్రాళ్లు కోసివేశారు. ఆ సైనికులే తరువాత, ఖైదీలు పారిపోతారేమోనన్న భయంతో వారిని చంపుదామనుకున్నారు. శతాధిపతి అడ్డుపడ్డాడు. చివరికి అందరూ ఒడ్డు చేరారు. ఒక్కరు కూడా లెక్కలో తగ్గలేదు.

మన ఇళ్లు కూడా చిన్నపడవలే. స్కానింగులో బిడ్డకు లోపముందని తెలిసిన రోజున, మూడోసారి కూడా ఆడపిల్లే అయితే ఎలా అని చుట్టాలు గుసగుసలాడుతున్నప్పుడు, మంచాన పడిన అత్తగారి మందుల ఖర్చు పిల్లల ఫీజులకు అడ్డువస్తున్నప్పుడు, ఎవరో ఒకరు నెమ్మదిగా లెక్క మొదలుపెడతారు. ‘ఉండి ఏం సుఖపడుతుంది?’ అనో, ‘మిగతావాళ్ల సంగతి చూడాలి కదా’ అనో అంటారు. వారు దుర్మార్గులు కారు, అలసిపోయినవారు. ప్రయోజనం లేని, మోయలేనంత భారమైన వైద్యాన్ని ఆపుకోవడం తప్పు కాదని శ్రీసభే చెబుతుంది. దానికీ, భారమైన మనిషినే వదిలించుకోవడానికీ ఉన్న తేడాను ఇంట్లో పెద్దలు పిల్లలకు విడమరచి చెప్పాలి. అలాంటి ఇల్లు మీ వీధిలో ఉంటే, నీతులు చెప్పడానికి ముందు ఒక రాత్రి వెళ్లి ఆ ముసలామె దగ్గర మీరు కూర్చోండి, కోడలు నిద్రపోతుంది.

సౌతాంప్టన్‌లో ఒక ప్రార్థనాలయం దగ్గర పార్కర్ పేరున స్మారక శిల ఉంది. దాని మీద రెండు బైబిలు వచనాలు చెక్కారు. మొదటిది యోబు గ్రంథం 13:15. రెండవది అపోస్తలుల కార్యములు 7:60, రాళ్లదెబ్బలు తింటూ పునీత స్తెఫాను చేసిన ప్రార్థన. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో బైబిలు తెరచి ఆ రెండు వచనాలు చదవండి. పదిహేడేళ్ల పిల్లలు ఇంట్లో ఉంటే వారిచేతనే చదివించండి.