కంటి వింతలును, మాయాదర్శన యంత్రమును

మనము చూచునదంతయు ఉన్నది ఉన్నట్లే కనబడుచున్నదని తలంతుము. కాని కన్ను కొన్నిటిని విడిచిపెట్టును; మనస్సు ఆ కొఱతను పూరించును. లేని లోకమును ఉన్నట్లు చూపు వర్చువల్ రియాలిటీ యంత్రమును నిర్మించువారికి ఈ కొఱతలే పాఠములు. వానిలో కొన్నిటిని ఇచ్చట వివరింతుము.

ఈ యంత్రమును కళ్లజోడువలె తలకు తగిలించుకొందురు. ఒక్కొక్క కంటికి ఒక్కొక్క చిత్రము అందులో కనబడును. రెండును ఇంచుక భేదముగా నుండును. మనస్సు వానిని కలిపి లోతును కల్పించును. ఈ రహస్యమును 1838లో వీట్‌స్టన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. తల త్రిప్పినప్పుడు చిత్రమును మారునట్టి యంత్రమును 1968లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ చూపెను.

ఈ పంక్తిలో ఒక మాటపై చూపు నిలిపి, కన్ను కదల్పక పంక్తి చివరి మాటను చదువ యత్నింపుడు. చదువలేరు. కంటి వెనుకనున్న పొరలో మధ్యనున్న చిన్న గుంట మాత్రమే స్పష్టముగా చూడగలదు. అందుచే కొన్ని యంత్రములు మన చూపు ఎచ్చట నిలిచెనో కనిపెట్టి, అచ్చట మాత్రమే చిత్రమును సూక్ష్మముగా గీయును. అంచులను స్థూలముగా విడుచును. గణనశ్రమ ఎంతో తగ్గును.

ఆదిలాబాదు జిల్లాలోని కుంటాల జలపాతమును ఒక నిమిషము రెప్ప వాల్చక చూచి, పిమ్మట ప్రక్కనున్న బండను చూచినచో, బండ పైకి ప్రాకుచున్నట్లు తోచును. స్కాట్లండులోని ఒక జలపాతమువద్ద ఇట్టి వింతను చూచి రాబర్ట్ ఆడమ్స్ 1834లో ప్రకటించెను. చలనమును మనస్సు ఊహించుకొనునని దీనివలన తెలియుచున్నది. యంత్రములో దృశ్యము పరుగెత్తునప్పుడు, కదలితిమని కన్ను చెప్పును; కదలలేదని చెవిలోని సమతూకపు అవయవము చెప్పును. ఈ వివాదమువలన తల తిరుగును, వాంతి వచ్చినట్లగును. కావున తల త్రిప్పిన సెకనులో సుమారు ఏబదియవ వంతులోపల చిత్రము మారవలెను. వేగముగా పోవునప్పుడు కొందరు నిర్మాతలు దృశ్యపు అంచులను చీకటి చేయుదురు.

ఒక చిక్కు ఇంకను పూర్తిగా తీరలేదు. పెన్సిలును ముక్కువద్దకు తెచ్చినప్పుడు కన్నులు లోనికి తిరుగును. కంటిలోని కటకము లావగును. ఈ రెండును జంటగా జరుగును. యంత్రములోనో, వస్తువు దగ్గఱగా తోచినను తెర మాత్రము ఒకే దూరమున నున్నట్లుండును. కన్నులు తిరుగును, కటకము మారరాదు. అందుచే కన్నులు అలయును.

ఇందు తల్లిదండ్రులు గమనింపదగినది ఒకటి కలదు. ఒక కన్ను బలహీనమైన పిల్లలకు రెండు చిత్రములు సరిగా కలియవు, లోతు తోచదు. రెండవ కన్ను పని నెఱవేర్చుచుండుటచే ఆ లోపమును పిల్లలు తామే యెఱుగరు. ఒక కన్ను మూసి నల్లబల్లపై అక్షరములను చదివింపుడు. పిదప రెండవది మూసి చదివింపుడు. భేదము కనబడినచో వెంటనే వైద్యునికి చూపుడు. చిన్నతనమున చికిత్స చేసిన ఫలము మెండు. హైదరాబాదులో 1987లో వెలసిన ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థ, 1996లో నాటి ఆదిలాబాదు జిల్లా ముధోలునందే గ్రామీణ కేంద్రమును నెలకొల్పెను. కావున మన ప్రాంతపు బిడ్డలకు ఈ వైద్యము దూరమైనది కాదు. ఈ పరీక్షను నేడే యింటింట జరుపుదురుగాక యని కోరుచున్నాము.