మొదటి వెబ్ పేజీ అందంగా ఉండక్కర్లేదు



ఎనిమిదో తరగతి పిల్లలు ఈ టర్మ్‌లో వెబ్ డిజైన్ మొదలుపెట్టారు. వాళ్ల మొదటి పేజీ చూసి మీలో చాలామంది "నెల రోజులకు ఇంతేనా? రంగుల్లేవు, బొమ్మలు కదలవు" అన్నారు. ప్రాజెక్టు మార్కుల కోసం బయట ఇంటర్నెట్ సెంటర్‌లో చేయించి ఇస్తామని కొందరు అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. ఎందుకో చెప్తాను.

తెల్ల పేజీ, నల్ల అక్షరాలు

వెబ్ పుట్టిందే ఇలా. 1989లో సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ దీన్ని ప్రతిపాదించారు. 1991లో వచ్చిన మొట్టమొదటి వెబ్‌సైట్‌లో ఉన్నవి అక్షరాలు, లింకులే. రంగులు, అమరిక చూసుకునే సీఎస్‌ఎస్ మొదటి వెర్షన్ 1996లో గానీ రాలేదు. మేమూ అదే వరుసలో నేర్పుతున్నాం. ఏది శీర్షిక, ఏది పేరా, ఏది జాబితా అని ఎచ్‌టీఎంఎల్‌లో చెప్పడం ముందు, అందం తర్వాత.

నాలుగు రోజులు, నాలుగు తప్పులు

బీర్పూర్ నుంచి వచ్చే ఒక అమ్మాయి తన ఊరి మీద పేజీ మొదలుపెట్టింది. లక్ష్మీనరసింహ స్వామి గుడి, రోళ్లవాగు ప్రాజెక్టు, 2016లో జగిత్యాల జిల్లా ఏర్పడినప్పుడు బీర్పూర్ మండలం కావడం, ఇవీ విషయాలు.

మొదటి రోజు బ్రౌజర్‌లో పేజీకి బదులు తను రాసిన ట్యాగులే కనిపించాయి. ఫైల్ పేరు చివర నోట్‌ప్యాడ్ 'టీఎక్స్‌టీ' అని తగిలించింది. రెండో రోజు తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలయ్యాయి. సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోలేదు. మూడో రోజు "టీచర్, గుడి ఫొటో వస్తలేదు" అంది. ఫొటో వేరే ఫోల్డర్‌లో ఉంది. నాలుగో రోజు సగం నుంచి పేజీ అంతా లావు అక్షరాలే. ఒక ట్యాగ్ మూయడం మరిచింది. సిరిసిల్లలో మగ్గం చూసినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. పడుగులో ఒక పోగు తెగితే, దాన్ని అతికేదాకా నేసిన బట్టంతా ఆ గీత పడుతూనే ఉంటుంది.

ఐదో రోజు పక్క బెంచీ అబ్బాయికి ఫొటో రాలేదు. ఆ అమ్మాయే వెళ్లి, "ముందు ఫోల్డర్ చూడు" అంది. తన పేజీ అప్పటికీ తెల్లగానే ఉంది. మీరు కట్టే ఫీజుకు ఫలితం ఎక్కడుందంటే, ఆ ఒక్క మాటలో ఉంది.

బయట చేయించినా, ఏఐ టూల్‌ను అడిగినా రంగుల పేజీ త్వరగానే వస్తుంది. అందులో ఏదైనా ఆగిపోతే ఎందుకు ఆగిందో మాత్రం మీ పిల్లలకు తెలియదు.

ఇంట్లో మీరు చేయగలిగినవి

• కొత్త ల్యాప్‌టాప్ కొనక్కర్లేదు. పాత కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్, బ్రౌజర్ ఉంటే చాలు. ఈ దశలో ఇంటర్నెట్ కూడా అవసరం లేదు.

• "ఇంతేనా?" అనే బదులు "శీర్షిక మార్చి చూపించు" అనండి. మీకు కంప్యూటర్ రాకపోయినా ఫర్వాలేదు. మీకు వివరించి చెప్పడమే వాళ్లకు సగం చదువు.

• తప్పు దొరక్కపోతే ఓ పది నిమిషాలు వెతకనివ్వండి. అప్పటికీ దొరక్కపోతే నోట్‌బుక్‌లో రాసుకుని క్లాసుకు తెమ్మనండి.

• ఊరి సంగతులు నానమ్మనో తాతయ్యనో అడిగి, తెలుగులోనే రాయమనండి.

• ఫోన్ నంబర్, ఇంటి చిరునామా, సొంత ఫొటో పేజీలో పెట్టనివ్వకండి. పిల్లల పేజీలు మా ల్యాబ్ కంప్యూటర్లలోనే ఉంటాయి, నెట్‌లో పెట్టం.

వచ్చే నెల సీఎస్‌ఎస్ మొదలవుతుంది. రంగులొస్తాయి, మొదట్లో కాస్త కళ్లు చెదిరేట్టుగానే ఉంటాయి. పేరెంట్స్ మీటింగ్ రోజు ల్యాబ్‌కు రండి. మీ పిల్లల పక్కన కూర్చుని పేజీలో ఒక ట్యాగ్ మీరే తీసేయండి. సరిచేయడానికి వాళ్లు ఎక్కడ మొదలుపెడతారో చూడండి.