యుద్ధం వద్దంటే నేరమా?

ప్రశ్న: మా అబ్బాయి రాజమండ్రిలో డిగ్రీ చదువుతున్నాడు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ జరుగుతుండగా ‘యుద్ధం వద్దు’ అని వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. కాలేజీవాళ్లు సంజాయిషీ అడిగారు. ఇది నేరమేనా?
– ఒక తండ్రి, అమలాపురం

జవాబు: కాదండీ, అది అభిప్రాయం. హింసకు ఉసిగొల్పనంతవరకు ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగా విమర్శించినా రాజద్రోహం కాదని 1962లోనే కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తమాషా ఏమిటంటే, ఆ ఏడాది అక్టోబరులోనే చైనా యుద్ధంతో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అలా ప్రకటిస్తే 358వ అధికరణం కింద వాక్ స్వాతంత్ర్యానికి రక్షణ పోతుంది. 2025లో అలాంటి ప్రకటనేదీ లేదు. అయితే పాత రాజద్రోహం సెక్షన్ స్థానంలో వచ్చిన భారత న్యాయ సంహిత 152వ సెక్షన్ పరిధి చాలా పెద్దది. కేసే పెట్టరని నేను హామీ ఇవ్వలేను. అభిప్రాయం చెప్పడం వేరు, సైనిక వాహనాల వీడియోలు పెట్టడం వేరు; వాటి జోలికి మాత్రం అస్సలు పోవద్దనండి.

కాలేజీల కంగారు రాజమండ్రికి కొత్త కాదు. 1907లో జాతీయోద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ వచ్చి వెళ్లాక, వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్న విద్యార్థులపై ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ వేటు వేశాడు. వాళ్లలో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఉపాధ్యాయ శిక్షణ అక్కడే ఆగింది. అప్పుడు యుద్ధమూ లేదు!

సంజాయిషీ రాతపూర్వకంగానే ఇప్పించండి. తాను ఏ నిబంధన మీరాడో చెప్పమని అందులో కాలేజీని అడగమనండి. వాదన వినకుండా సస్పెండ్ చేస్తే, ముఖ్యంగా ప్రభుత్వ కాలేజీ అయితే, హైకోర్టుకు వెళ్లొచ్చు. స్టేటస్ 24 గంటల్లో పోతుంది కదా, స్క్రీన్‌షాట్ ఉంటే దాచి ఉంచండి.