ఇల్లు నిలబడేది పింఛను మీద

బాపూజీనగర్,
కాజీపేట

చిరంజీవి రమ్యకు,

మాజీ సైనికుల సంఘంలో కూర్చుని ఇళ్ల అర్జీలు చూసే పని ఒప్పుకున్నానని రాశావు. చాలా సంతోషం బిడ్డా. ఏ పథకం కింద ఎంత వస్తుందో చెప్పమన్నావు. అది జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే ఎవరైనా చెబుతారు. అంతకన్నా ముందు ఒక సంగతి మనసులో పెట్టుకో. అమెరికాలో 1944 చట్టం నుంచి మాజీ సైనికుడి ఇంటి లోనుకు సర్కారే పూచీ ఉంటోంది. మన జవానుకు ఉన్న పూచీ పింఛనొక్కటే. అది ఆగితే సొంతిల్లూ చేజారుతుంది, కిరాయి ఇల్లూ ఖాళీ చేయాల్సి వస్తుంది.

అందుకే ఎవరొచ్చినా ముందు డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) అడుగు. భార్య పేరు, పుట్టిన తేదీ వేలు పెట్టి చదువు. మా వాడకట్టులో ఒకామె పేరు సైన్యం రికార్డుల్లో లచ్చమ్మ, ఆధార్‌లో లక్ష్మి. భర్త ఉన్నన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. ఆయన పోయాక ఫ్యామిలీ పింఛను రాలేదు, ఇంటి లోను కిస్తీ మాత్రం నెలనెలా వచ్చి కూర్చుంది. బ్యాంకు నోటీసు చేతికొచ్చాక ఆమె కొడుకు కాగితాల సంచి పట్టుకొచ్చాడు. ఇక అఫిడవిట్టు, పేపర్లో ప్రకటన, సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డాఫీసుకు అర్జీ, అక్కణ్నించి ప్రయాగ్‌రాజ్‌లోని పింఛన్ల కార్యాలయానికి, మళ్లీ సవరించిన పీపీఓ కోసం ఎదురుచూపు. ఆయన బతికుండగానే సరిచేయించి ఉంటే ఆమెకు ఆ నోటీసు చూసే గతి పట్టేది కాదు. ఏ రికార్డాఫీసు ఎక్కడుందో కూడా తెలుసుకో. ఈఎంఈ, ఏఓసీ వాళ్లవి సికింద్రాబాద్‌లో, ఆర్టిలరీది నాసిక్ రోడ్‌లో, మద్రాస్ రెజిమెంట్‌ది వెల్లింగ్టన్‌లో ఉన్నాయి.

ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్టుదీ ఇదే కథ, అది అందకపోతే పింఛను ఆగుతుంది. వేలిముద్రలు అరిగిన ముసలాయనను మీసేవ చుట్టూ తిప్పకు. ఫోన్లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ చేయొచ్చు, నువ్వే దగ్గర కూర్చుని చేయించు.

ఇక ఇల్లో జాగో కొనే మాట. జవాను నలభై ఏళ్లకే ఇంటికొస్తాడు. పింఛనులో సగం దాకా కమ్యూట్ చేసుకుంటే పెద్ద మొత్తం ఒక్కసారే చేతిలో పడుతుంది, ఆ కోత పదిహేనేళ్లు సాగుతుంది. ఆ డబ్బు వాసన పట్టేవాళ్లు బోలెడు మంది. అయోధ్యాపురంలో రైల్వే యూనిట్‌కు 2023 జూలైలో శంకుస్థాపన అయినప్పటి నుంచి ఇక్కడ ప్లాటు బేరం చేయని టీకొట్టు లేదు. కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందా, జాగ చెరువు ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దులో, పడుతుందా అని చూడకుండా బయానా ఇవ్వనీయకు. 2020 ఆగస్టు వానలకు హన్మకొండలో నాలా పక్క కాలనీలు ఎట్లా మునిగాయో నువ్వూ చూశావు.

సర్కారు అసైన్ చేసిన భూమి ఉన్నవాళ్లు దాన్ని అమ్మి ఇల్లు కట్టుకుంటామంటారు. మాజీ సైనికులకు పదేళ్లు దాటాక అమ్ముకునే హక్కు 1993 నాటి 1117 జీవో ఇచ్చింది. కానీ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉంటే కలెక్టర్ ఎన్‌ఓసీ లేనిదే రిజిస్ట్రేషన్ కాదు. ఈలోపు నోటరీ కాగితం మీద సగం ధరకు రాయించుకునేవాళ్లు వస్తారు. ఎన్‌ఓసీ చేతికొచ్చేదాకా సంతకం పెట్టొద్దని గట్టిగా చెప్పు, కోప్పడినా సరే.

యుద్ధంలో భర్తను పోగొట్టుకున్నవాళ్లు, వికలాంగులైనవాళ్లు ఇల్లు కట్టుకుంటే లోను వడ్డీలో సగం, లక్ష రూపాయల దాకా, కేంద్రీయ సైనిక్ బోర్డు తిరిగిస్తుంది. పింఛనే లేని 65 ఏళ్లు దాటినవాళ్లకు నెలకు ఇచ్చే సాయం 2025 నవంబర్ నుంచి 4,000 కాస్తా 8,000 అయింది. కిరాయికి తండ్లాడే ముసలమ్మలకు అది పెద్ద ఆసరా. రెండింటికీ దారి సంక్షేమ కార్యాలయం మీదుగానే.

నాకు ఎక్కువ బెంగ అగ్నివీర్ల గురించి. 2022 చివర్లో చేరిన మొదటి బ్యాచ్‌కు 2026 చివరికి నాలుగేళ్లు నిండుతాయి. నాలుగో వంతు దాకా మందిని ఉంచుకుంటారు, మిగతావాళ్లు సుమారు 11.71 లక్షల సేవానిధితో ఇళ్లకొస్తారు. వాళ్లకు పింఛను లేదు. అంటే నెల కిస్తీ కట్టే ఆధారమే లేదు. ఆ పిల్లలను ఇప్పుడే ప్లాటు కొనమనకు. ఊళ్లో తల్లిదండ్రుల పేర జాగ ఉండి అర్హత ఉంటే ఇందిరమ్మ ఇంటికి దరఖాస్తు పెట్టించు, 5 లక్షలు దశలవారీగా వస్తాయి. సేవానిధిని ఉద్యోగం దొరికేదాకా బ్యాంకులోనే ఉండనీయమను. మీ జిల్లాలో ఆ బ్యాచ్ పిల్లలెవరో సంఘంలో పేర్లు అడిగి, వాళ్లు రాకముందే తల్లిదండ్రులను ఒకసారి కలిసి రా.

నీ పెద్దబాపు