హరితవిద్యుత్తు ధ్రువపత్రము

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలో మీట నొక్కినంతనే దీపము వెలుగును. పూలతోటలలో మోటారు నీరు తోడును. ఆ విద్యుత్తు కొత్తగూడెమున బొగ్గునుండి పుట్టినదో, రామగుండము జలాశయముపై 2022లో పూర్తియైన 100 మెగావాట్ల తేలియాడు సౌరఫలకములనుండి పుట్టినదో చూచి చెప్పుట యెవ్వరికిని సాధ్యము కాదు. తీగెలలో రెండును కలిసిపోవును. అట్లయిన, ఎండనుండియు గాలినుండియు పుట్టు విద్యుత్తునకే తోడ్పడ గోరువాడు తన ధనమును దానికి చేర్చుట యెట్లు? మేము తరగతిలో నీ విషయము నెత్తినప్పుడెల్ల విద్యార్థు లడుగు ప్రశ్న యిదియే.

మొయినాబాదునకు చేరువనున్న గండిపేట చెరువును తలంచుడు. మూసీ కడ్డముగా కట్టబడి 1920లో పూర్తియైన ఈ చెరువులో నొకడు ఈవలిగట్టున కడవెడు మంచినీరు పోసెననియు, వేరొకడు ఆవలిగట్టున కడవెడు ముంచుకొనెననియు ననుకొందము. పోసిన నీరే వాని కడవలోనికి వచ్చినదని చెప్పరాదు. అయినను చెరువులో మంచినీరు చేరినమాట నిజము. పోసినవానికొక చీటి యిచ్చి, ముంచుకొన్నవాడు దానిని వెలయిచ్చి కొనినచో, మంచినీరు పోయువారు పెరుగుదురు. విద్యుత్తు తీగెల వల యీ చెరువు వంటిది. ధ్రువపత్రము ఆ చీటి వంటిది.

మన దేశమున నిందుకు మూలము 2003 నాటి విద్యుచ్ఛట్టము. పంపిణీ సంస్థలు తాము కొను విద్యుత్తులో నింతభాగము తరుగని వనరులనుండి కొనవలెనని రాష్ట్ర నియంత్రణ మండలులు నిర్ణయించును. ఆ భాగమును పత్రములు కొనియు పూరించుకొనుటకు 2010లో నీ యేర్పాటు కలిగినది. 1,000 యూనిట్లకు ఒక పత్రము. ఉత్పత్తిదారుడు విద్యుత్తును సామాన్యపు ధరకు అమ్మి, పత్రమును విద్యుత్తు విపణిలో వేరుగా నమ్ముకొనును. నిర్బంధము లేనివారును ఇష్టపూర్వకముగా కొనవచ్చును.

ఒక లెక్క చూతము. ఒక యింట నెలకు 250 యూనిట్లు ఖర్చగునెడల, నాలుగు నెలలకు 1,000 యూనిట్లు. సంవత్సరమునకు మూడు పత్రములు.

ఇచ్చట మూడు విషయములు మరువరాదు. మొదటిది, ఒక పుణ్యమును ఇరువురి కమ్మరాదు. ఒక పాఠశాల తన కప్పుపై పుట్టిన విద్యుత్తు పత్రమును పరులకు అమ్మినచో, పిమ్మట “మేము సూర్యకాంతితో నడచుచున్నాము” అని చెప్పుకొన దగదు. ఆ మాట కొన్నవానిది. కావుననే వాడుకొన్న పత్రము లెక్కనుండి కొట్టివేయబడును. రెండవది, కొనవలసినవారు కొననిచో పత్రము వట్టి కాగితము. నియమమును పాటింపనివారు పెక్కండ్రగుటచే, 2010 తరువాతి దశాబ్దమున పత్రములు అమ్ముడుపోక కుప్పలుగా నిలిచిపోయినవి. మూడవది, పత్రము కొంటిమిగదా యని దీపములు వృథాగా వెలిగించుట తగదు. మిగిల్చిన యూనిట్టునకు పత్రముతో పనిలేదు.

సామాన్య కుటుంబమునకు వేరు మార్గములును గలవు. 2022 జూన్ నెలలో వెలువడిన కేంద్ర నియమముల ననుసరించి, వినియోగదారుడు హరితవిద్యుత్తు కావలెనని తన పంపిణీ సంస్థనే కోరవచ్చును; దాని ధర వేరుగా నిర్ణయింపబడును. ఇంటికప్పుపై మూడు కిలోవాట్ల సౌరఫలకములు పెట్టుకొనువారికి 2024లో ఆరంభమైన సూర్యఘర్ పథకమున 78,000 రూపాయల సహాయము ఏర్పరుపబడినది.

లెక్క సత్యమైననే పత్రమునకు విలువ. ఇదియే యీ పాఠసారము.

అభ్యాసము: 1. మీ యింటి బిల్లులను చూచి, సంవత్సరమునకు ఎన్ని పత్రములు కావలెనో గణింపుడు. 2. పత్రము నమ్మినవాడు హరితవిద్యుత్తు వాడుచున్నానని యేల చెప్పరాదు? గండిపేట దృష్టాంతముతో వివరింపుడు.